భూమికి కట్టిన సవాలు

2023లో చార్లెస్ రాజు పట్టాభిషేకంలో రాజధ్వజం మోసినాయన మంత్రీ కాదు, సేనానీ కాదు. లింకన్‌షైర్‌లో వ్యవసాయం చేయించుకునే ఫ్రాన్సిస్ డైమోక్. హార్న్‌కాజిల్ పక్కన ఉన్న స్క్రివెల్స్‌బీ మేనర్ అనే ఎస్టేట్ ఆయనది కావడమే ఆ గౌరవానికి మూలం. ఈ ముక్క తెలిశాక ఆ మేనర్ కథంతా తవ్వకుండా ఉండలేకపోయాను.

గుడిలో సన్నాయి వాయించే కుటుంబానికి మాన్యం ఉన్నట్టే, ఈ భూమికీ ఒక కొలువు ఉంది. పట్టాభిషేకం విందు వేళ దాని యజమాని కవచం తొడిగి గుర్రం మీద సభలోకి రావాల్సి ఉండేది. ఈయన రాజు కాడనేవాడెవడైనా ఉంటే నాతో తలపడమంటూ ఇనుప చేతితొడుగు మూడుసార్లు నేలకు కొట్టేవాడు. రాజు బంగారు పాత్రలో అతని పేరిట తాగి, పాత్రను అతనికే ఇచ్చేసేవాడు.

1086 నాటి ఇంగ్లండ్ భూముల డూమ్స్‌డే లెక్కల్లో ఈ భూమి రాబర్ట్ అనే రాజోద్యోగిది. తర్వాత మార్మియన్ వంశానిది. 1291లో ఫిలిప్ మార్మియన్ మగ వారసులు లేకుండా పోయాడు. ఆస్తి ఆడపిల్లల సంతతికి చీలిపోయింది.

అసలు రసపట్టు 1377. పట్టం కట్టుకునే రెండో రిచర్డ్‌కు పదేళ్లు. ఆ పసివాడి తరఫున సవాలు విసిరే హక్కు కోసం ఇద్దరు దావాకు దిగారు. మార్మియన్ల టామ్‌వర్త్ కోట దక్కిన బాల్డ్విన్ ఫ్రెవిల్ పెద్ద శాఖవాడు. జాన్ డైమోక్‌కు భార్య వైపు నుంచి స్క్రివెల్స్‌బీ వచ్చింది. రాజు పినతండ్రి జాన్ ఆఫ్ గాంట్ విచారించి డైమోక్ వైపే తీర్పిచ్చాడు. కొలువు వంశం పెద్దరికాన్ని బట్టి కాదు, స్క్రివెల్స్‌బీ మట్టిని బట్టి నడిచిందన్నమాట. డైమోక్ ఎంత ఉత్సాహపడ్డాడంటే, ప్రార్థన ముగియకముందే కవచంతో పట్టాభిషేకం జరుగుతున్న అబ్బే చర్చి గుమ్మానికి వచ్చేశాడు. విందు వేళకు రమ్మని వెనక్కి పంపారు.

1470లో ఆ వంశీకుడు థామస్ డైమోక్ తలను రాజు నాలుగో ఎడ్వర్డ్ తీయించినా, కొలువు ఆ ఇంటిని వదల్లేదు. థామస్ కొడుకు రాబర్ట్ 1483లో మూడో రిచర్డ్ తరఫున సవాలు విసిరాడు. రెండేళ్లకే, ఆ రిచర్డ్‌ను ఓడించి గద్దెనెక్కిన ఏడో హెన్రీ తరఫునా విసిరాడు. మట్టి మాత్రం మారలేదు మరి!

చివరి సవాలు 1821లో. మేనర్ యజమాని మతాచార్యుడు కావడంతో కొడుకు హెన్రీ వచ్చాడు, ఆస్ట్లీ సర్కస్‌లో తర్ఫీదైన గుర్రం మీద. 1831లో నాలుగో విలియం ఖర్చు దండగని విందే ఎత్తేశాడు. కాసిని పౌండ్ల కోసం నాలుగున్నర శతాబ్దాల ఘట్టాన్ని వదులుకోవడం పెద్ద తప్పు. 1902 నుంచి డైమోక్‌లకు ధ్వజం అప్పగిస్తున్నారు. ఆ పరిహారం చాలదు. విందు పెట్టకపోయినా సరే, వచ్చే పట్టాభిషేకానికి ఆ సవాలు మాటల్ని అబ్బే గుమ్మంలోనైనా డైమోక్ చేత పలికించాలి.