టిటాగఢ్: గోనెసంచి కట్టిన పట్టణము

కలకత్తాకు ఉత్తరముగా, హుగ్లీనది తూర్పుగట్టున ఉన్న టిటాగఢ్‌ను పట్టణముగా చేసినది గోనెసంచి. క్రిమియా యుద్ధకాలమున (1853–56) రష్యా నార స్కాట్లండులోని డండీ మిల్లులకు అందకపోగా, బెంగాలు జనపనారకు గిరాకి హెచ్చినది. 1855లో జార్జి ఆక్లండ్ అనునాతడు డండీ నుండి యంత్రములు తెప్పించి, ఆవలిగట్టున రిష్రాలో తొలి మిల్లు నెలకొల్పినాడు. కొన్ని దశాబ్దములలో రెండు గట్టులను పొగగొట్టములు ఆక్రమించినవి.

మిల్లులు పెరిగిన కొలది చుట్టుపట్ల గ్రామముల కూలీలు చాలలేదు. బీహారు, ఒరిస్సా వారితోపాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారును టిటాగఢ్ చేరినారు. తూర్పుతీరపు రైలు వారికి దారి చూపినది. ఊరినుండి మనుషులను పిలిపించువాడు సర్దారు; పని ఇప్పించువాడును, అందుకు మామూలు పుచ్చుకొనువాడును అతడే. పని పోయినచో కూలి మొరపెట్టుకొనవలసినదియు ఆ సర్దారుకే.

మిల్లుల లెక్కలలో వీరందరు 'మద్రాసీలు'. శ్రీకాకుళపు రైతుబిడ్డలలో ఎందరు మద్రాసు ముఖము చూచియుందురు? పరిపాలనకు రాజధాని పేరు చాలినది. వారి భాష పేరు అక్కరలేకపోయినది.

1947లో దేశవిభజన జరుగగా మిల్లులన్నియు భారతదేశమునను, జనపచేలలో అధికభాగము తూర్పు పాకిస్తానునను మిగిలినవి. నారకై పశ్చిమ బెంగాలు రైతులు వరిచేలలో కొన్నింటిని జనపకు మార్చవలసివచ్చినది. పిమ్మట ప్లాస్టిక్ సంచి పోటీకి దిగినది. ధాన్యమును, పంచదారను జనపసంచులలోనే నింపవలెనని 1987లో చట్టము వచ్చినది. నాటినుండి మిల్లులకు పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. ఆ సంచులలో ఆంధ్రదేశపు బియ్యమునకు పోవునవియు కలవు.