డాక్టర్ రాసిన టెస్టులు ఎక్కడ చేస్తారు? విలేజ్ క్లినిక్, బస్తీ దవాఖానాల్లో ఫ్రీ పరీక్షలు.. పూర్తి వివరాలివే

డాక్టర్‌కి చూపించుకోవడం ఒక ఎత్తు.. ఆయన రాసిచ్చిన టెస్టులు చేయించుకోవడం ఇంకో ఎత్తు. ల్యాబ్ టౌన్‌లో ఉంటే శాంపిల్ ఇవ్వడానికి ఒకరోజు, రిపోర్టుకి మరో రోజు. కూలికి వెళ్లేవాళ్లకి రెండు రోజుల సంపాదన పోయినట్టే. అందుకే చాలామంది చీటీ జేబులో పెట్టుకుని ఊరుకుంటారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి అసలు ప్రమాదం ఇదే. కిడ్నీలు దెబ్బతినడం మొదలైనా తొలిదశలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూస్తేనే బయటపడుతుంది.

ఈ దూరం తగ్గించడానికి రెండు తెలుగు రాష్ట్రాలు రెండు దారులు ఎంచుకున్నాయి.

ఏపీ: ఊరికే వచ్చే డాక్టర్

2022 అక్టోబర్‌లో ట్రయల్‌గా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అప్పటి సీఎం వైఎస్ జగన్ పూర్తిస్థాయిలో ప్రారంభించారు. పీహెచ్‌సీ డాక్టర్ 104 వాహనంతో పాటు ఊరికి వచ్చి చూసేలా, విలేజ్ క్లినిక్‌లోనే 14 రకాల పరీక్షలు చేసేలా దీన్ని రూపొందించారు. హిమోగ్లోబిన్, షుగర్, మలేరియా, డెంగీ, ప్రెగ్నెన్సీ టెస్టుల్లాంటివి ఇందులో ఉన్నాయి. ఇవి ఎక్కువగా కిట్, స్ట్రిప్‌తో చేసేవి. రిజల్ట్ అక్కడే తెలిసిపోతుంది.

తెలంగాణ: ల్యాబ్‌కి వెళ్లేది శాంపిలే

2018లో హైదరాబాద్ నారాయణగూడలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ సెంట్రల్ ల్యాబ్ మొదలైంది. బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో డాక్టర్ టెస్ట్ రాస్తే రక్తం అక్కడే తీసుకుంటారు. శాంపిల్ వాహనంలో హబ్‌కి వెళ్తుంది. రిపోర్టు డాక్టర్‌కి చేరుతుంది, పేషెంట్ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. 2021 జూన్ నుంచి జిల్లాల్లోనూ హబ్‌లు వచ్చాయి. టెస్టుల సంఖ్యని 2023లో 134కి పెంచారు.

రెండూ ఎందుకు కావాలి?

స్ట్రిప్‌తో చూసే షుగర్ ఆ నిమిషం లెక్క మాత్రమే. గత రెండు మూడు నెలల సగటు తెలియాలంటే హెచ్‌బీఏ1సీ చేయించాలి. థైరాయిడ్, కొలెస్ట్రాల్ వివరాలకీ సాధారణంగా ల్యాబ్ కావాల్సిందే. అంటే ఊళ్లో డాక్టర్ ఉంటే సరిపోదు, ఆయన వెనకాల ల్యాబ్ కూడా ఉండాలి. శాంపిల్ ఆలస్యమైనా చిక్కే. ట్యూబులో ఉన్న రక్తకణాలు షుగర్‌ని వాడేసుకుంటూనే ఉంటాయి, దాంతో రిజల్ట్ తక్కువగా రావచ్చు. షుగర్ టెస్టుకి బూడిద రంగు మూత ఉన్న వేరే ట్యూబ్ వాడేది అందుకే.

టెస్టుకి వెళ్లేముందు ఇవి చూసుకోండి

* ఫాస్టింగ్ టెస్ట్ అయితే కనీసం 8 గంటలు ఏమీ తినొద్దు. మంచినీళ్లు తాగొచ్చు.
* వాడుకలో ఉన్న ఫోన్ నంబరే ఇవ్వండి. పాత నంబర్ ఇస్తే రిపోర్టు మెసేజ్ మీకు రాదు.
* శాంపిల్ ఏ టైమ్ వరకు తీసుకుంటారో ముందే కనుక్కోండి.
* రిపోర్టుని టెస్ట్ రాసిన డాక్టర్‌కే చూపించండి. పాత రిపోర్టులు కూడా తీసుకెళ్లండి.
* రిజల్ట్ నార్మల్ వచ్చిందని బీపీ, షుగర్ మాత్రలు సొంతంగా ఆపేయొద్దు. ఆ నార్మల్ మందుల వల్లే వచ్చి ఉండొచ్చు.
* ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటివి కనిపిస్తే టెస్టుల కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రక్తం ఇచ్చేసి రిపోర్టు వదిలేస్తే టెస్ట్ చేయించుకోనట్టే. డాక్టర్ దాన్ని చూసి మందు మార్చినప్పుడే పరీక్షకి ఫలితం ఉంటుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహా తీసుకోండి.)