ఆయిల్ ఇంజను ఇంధన వ్యవస్థ - లోపములను గుర్తించుట

ఆయిల్ ఇంజను అనగా వ్యవసాయములో నీరు తోడుటకు వాడే, సాధారణంగా ఒకే సిలిండరు గల చిన్న డీజిల్ ఇంజను. ఇది మొరాయించినపుడు ఎక్కువసార్లు కారణము ఇంధన వ్యవస్థలోనే ఉంటుంది. డీజిలు ట్యాంకు నుండి సిలిండరు వరకు పోయే దారిలో ఎక్కడ ఆగినదో క్రమముగా వెదకి తెలుసుకొనుట ఈ వ్యాసము యొక్క విషయము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో

2016 అక్టోబరు 11న నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట జిల్లా ఏర్పడినది. కోదాడ ఆ జిల్లాలోనికి రాగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడుదలయిన తరువాత ఎడమ కాలువ క్రింద వరి సాగు విస్తరించి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందినది. అయితే కాలువ కంటే ఎత్తున ఉన్న పొలాలకు, చివరి భూములకు నీరు దానంతట అది ఎక్కదు. అటువంటి చోట్ల కాలువ నుండో, వాగు నుండో ఇంజనుతో తోడుకోవలసి ఉంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయిన తరువాత ఆయిల్ ఇంజన్ల అవసరము తగ్గినది. కరెంటు లైను చేరని గట్ల మీద మాత్రం వీటికి బదులు లేదు. పొట్ట దశలోనో, పాలు పోసుకొనే దశలోనో ఉన్న వరికి తడి తప్పితే గింజ తాలు పోతుంది. కనుక ఆ రోజులలో ఇంజను ఆగుట రైతుకు చిన్న విషయం కాదు.

ఇంధనము ప్రయాణించు దారి

ట్యాంకు ఇంజను కంటే ఎత్తున ఉండుటచేత డీజిలు తన బరువుతోనే క్రిందికి దిగుతుంది. కాక్, ఫిల్టరు దాటి ఫ్యూయల్ పంపునకు చేరుతుంది. పంపులోని ప్లంజరు దానిని మిక్కిలి ఒత్తిడితో సన్నని ఉక్కు పైపు ద్వారా నాజిలుకు పంపుతుంది. చాలా చిన్న ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి వద్ద నాజిలు తెరుచుకొని డీజిలును పొగమంచు వలె చిమ్ముతుంది. స్పార్క్ ప్లగ్ ఉండదు. నొక్కబడిన గాలి వేడికే డీజిలు అంటుకుంటుంది. ట్యాంకు నుండి పంపు వరకు గల భాగములోని లోపాలను రైతే సరిచేసుకొనవచ్చును. పంపు, నాజిలు మాత్రం మెకానిక్కు పని. నాజిలుతో మొదలుపెట్టి వెనుకకు వచ్చుట ఖర్చు పెంచే పద్ధతి.

పొగను బట్టి గుర్తించుట

హ్యాండిలు తిప్పునపుడు సైలెన్సరు నుండి ఏ పొగా రాకపోతే డీజిలు సిలిండరులోనికి చేరుటలేదని భావించవచ్చును. తెల్లని పొగ వచ్చి ఇంజను అంటుకొనకపోతే డీజిలు చేరుచున్నది కాని మండుటలేదు: డీజిలులో నీరు కలియుట, కంప్రెషన్ తగ్గుట, పంపు టైమింగు తప్పుట ఇందుకు కారణాలు. నడుచుచున్న ఇంజను నల్లని పొగ వదలుచుంటే నాజిలు సరిగా చిమ్మక కారుచుండవచ్చు. అయితే ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకున్నా, లోడు ఎక్కువైనా ఇదే పొగ వస్తుంది కనుక ముందు ఆ రెండింటిని చూడవలెను. నీలి పొగ ఇంధన వ్యవస్థకు చెందినది కాదు. లూబ్రికేషన్ ఆయిలు సిలిండరులోనికి పోయి మండుచున్నదని దాని అర్థము.

గాలి చేరుట

ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యే వరకు నడిపినపుడు, ఫిల్టరు మార్చినపుడు, కీళ్ళ వద్ద రాగి వాషర్లు అరిగినపుడు పైపులలోనికి గాలి చేరుతుంది. ప్లంజరు ఎంత నొక్కినా గాలి కుదించుకుపోవునే గాని నాజిలు తెరుచుకొనదు. ఈ గాలిని తీయుటకు ట్యాంకు నింపి కాక్ తెరచి, ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి బుడగలు లేని డీజిలు కారే వరకు ఆగి బిగించవలెను. తరువాత పంపు వద్ద అదే విధముగా చేయవలెను. చివరగా నాజిలు వద్ద పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, డీకంప్రెషన్ లివరు ఎత్తి హ్యాండిలు తిప్పితే డీజిలు చిమ్ముతుంది. అపుడు నట్టు బిగించవలెను. ఆ తరువాత తిప్పునపుడు నాజిలు నుండి కిర్రుమనే చిన్న శబ్దము వినవస్తే దారి సరియైనదన్నమాట. ఇంత చేసేముందు స్టాప్ లివరు ఆపు స్థానములో ఉండిపోయిందేమో చూచుట మంచిది. ఇది అనుకున్నదాని కంటే తరచుగా జరుగుతుంది.

కొంతసేపు నడిచి ఆగిపోవుట

పదిపదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగి, కాసేపటికి మళ్ళీ అంటుకునే ఇంజనులో ముందు ట్యాంకు మూతను అనుమానించవలెను. మూతకు గల సన్నని రంధ్రము మూసుకుపోతే లోపల శూన్యత ఏర్పడి డీజిలు దిగదు. వాన పడకుండా మూత క్రింద పాలిథీన్ కాగితము బిగించినా ఇదే జరుగుతుంది. మూత వదులు చేసి నడిపినపుడు లోపము పోతే కారణము తేలినట్లే. పోకపోతే ఫిల్టరు, ట్యాంకు అడుగున చేరిన మడ్డి చూడవలెను.

నీరు, కల్తీ

డీజిలు సాంద్రత సుమారు 0.83 కనుక నీరు అడుగున చేరుతుంది. తెల్లని గాజు సీసాలో డీజిలు పట్టి కదపక ఉంచితే నీటి పొర స్పష్టముగా కనబడుతుంది. రాత్రి చల్లదనానికి సగం ఖాళీ ట్యాంకులో తేమ చేరుట వలన కూడ నీరు వస్తుంది; అందుచేత పని ముగిసిన తరువాత ట్యాంకు నింపి ఉంచుట మేలు. కిరోసిన్ కలిపిన డీజిలుతో ఇంజను నడుచును గాని, జిడ్డు తగ్గి ప్లంజరు త్వరగా అరుగుతుంది.

ప్రమాదములు

నాజిలు చిమ్మే ధారకు చేయి అడ్డు పెట్టరాదు. అది చర్మము చీల్చుకొని లోనికి పోతుంది. పైకి సూది గ్రుచ్చినంత గుర్తే కనబడినా వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలు, చేయి కోల్పోవలసి రావచ్చు. పంపు ర్యాకు పట్టుకుపోయి ఇంజను వేగము అదుపు తప్పితే, గాలి పీల్చే ద్వారమును చెక్క పలకతో మూసి ఆపవలెను. గుడ్డ వాడితే లోనికి లాగుకొనును. ఇంజనును దిగుడు బావిలోనికి దింపి నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. దిగినవారిని కాపాడబోయినవారు సైతం పడిపోతారు.

పెట్రోలు ఇంజన్లలో

పవర్ స్ప్రేయర్లు, గోల్ఫ్ మైదానాలలో తిరిగే పెట్రోలు బండ్లు కార్బురేటరుతో పనిచేస్తాయి. వీటిలో ముందు ప్లగ్ వద్ద నిప్పురవ్వ చూచి, తరువాతే ఇంధనము వైపు రావలెను. గోల్ఫ్ బండిలో ట్యాంకు సీటు క్రింద, కార్బురేటరు కంటే పల్లములో ఉండును. అందుచేత క్రాంక్ కేసులోని ఒత్తిడి హెచ్చుతగ్గులతో కదిలే పొర గల చిన్న పంపు పెట్రోలును లాగుతుంది. దాని గొట్టము పగిలితే పెట్రోలు రాదు. మూత రంధ్రము లోపము వీటిలో కూడ సరిగా అట్లే కనబడుతుంది. నెలల తరబడి నిలువ ఉంచిన పెట్రోలు జిగురుగా మారి జెట్‌ను మూసివేస్తుంది. ఇథనాలు కలిసిన పెట్రోలు తేమను పీల్చుకొనును గనుక, మందు పిచికారీ కాలము ముగియగానే స్ప్రేయరు ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేసి ఉంచవలెను.