కృష్ణ పక్కనే ఉన్నా చెరువే దిక్కు: ఆత్మకూర్ పుట్టుపూర్వోత్తరాలు

ఆత్మకూర్ అనగానే ఏ ఆత్మకూర్ అని అడగాల్సిందే. పాత నల్లగొండ జిల్లాలోనే రెండున్నాయి. సూర్యాపేట దగ్గరిదానికి ‘ఎస్’, మోత్కూరు వైపుదానికి ‘ఎం’ తగిలించి సర్కారు కాగితాలు ఆ తికమక తప్పించుకున్నాయి. మనం చెప్పుకునేది పాలమూరు ఆత్మకూర్, అంటే ఇప్పటి వనపర్తి జిల్లాది. దీని వెనక ఏ అక్షరమూ లేదు. ఒకప్పటి రాజధాని కదా, ఆమాత్రం దర్జా ఉండాలి మరి.

ఆ రాజ్యం అమరచింత సంస్థానం. ఏలినవారు ముక్కెర వంశం. సంస్థానానికి పేరు అమరచింతది, రాజుగారి కాపురం మాత్రం ఆత్మకూర్‌లో. నిజాముకు కప్పం కట్టే చిన్న సంస్థానాల్లో ఇదొకటి. విస్తీర్ణం సుమారు 190 చదరపు మైళ్లు. ఇంత చిన్న గద్దె అయినా కవులు దీన్ని దాటిపోలేదు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తిలతో పాటు ఇక్కడికీ వచ్చారు. 1948లో హైదరాబాద్ రాజ్యం, మరుసటి ఏడు జాగీర్దారీ పోవడంతో సంస్థానం కథ ముగిసింది.

పేరుకు కృష్ణ ఒడ్డు సీమే. కానీ నది రాతి పడకలో, గట్ల మధ్య లోతున పోతుంది. చేనికి ఎక్కదు. అందుకే ఇక్కడి ఊళ్లు నదిని చూసి కాదు, గుట్టల నడుమ వాన నీరు నిలిచే పల్లం చూసి వెలిశాయి. కట్ట వేసుకున్నచోట చెరువు, చెరువు కింద వరి మడి. మిగతాదంతా చెలక: జొన్న, ఆముదం, పల్లి. వాన మొహం చాటేస్తే గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని మూటా ముల్లె కట్టడమే. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా పాలమూరు కూలీల చెమట అందులో ఉందంటారు. పక్కనే పారే నది నీళ్లు తమ చేనుకు అందక, ఎవరి ఊళ్లకో కాలువలు తవ్వడానికి పోయారు వాళ్లు. ఈ సీమ చరిత్రలో రాజుల కంటే ఇదే పెద్ద సంగతని నాకనిపిస్తుంది.

చివరికి కృష్ణ మీద జూరాల ఆనకట్టకు 1981లో పునాది పడింది. నీళ్లొచ్చేసరికి తొంభైల నడిమికాలం. అప్పటిదాకా అవతలి గద్వాల ఒడ్డుకు పోవాలంటే పుట్టే గతి. ఇప్పుడు ఆనకట్ట మీదుగానే బస్సులు తిరుగుతున్నాయి. ఎడమ కాలువ పారాక చెలకలు మడులయ్యాయి. ఆనకట్టకు కాస్త దిగువన ఆత్మకూర్ మండలంలోనే 240 మెగావాట్ల దిగువ జూరాల విద్యుత్ కేంద్రం కూడా వెలిసింది.

తాలూకాలు, మండలాలు ఎన్నిసార్లు మారినా కురుమూర్తి స్వామి జాతర మాత్రం పాత సంస్థానం పటాన్నే ఏటా మళ్లీ గీస్తుంది. దీపావళి దాటగానే స్వామి నగలు ఆత్మకూర్ బ్యాంకు నుంచి ఊరేగింపుగా కదులుతాయి. పట్టు వస్త్రాలు అమరచింత పద్మశాలీల మగ్గాల మీద నేసినవి. ఉద్దాలు, అంటే స్వామి పాదరక్షలు, చిన్నవడ్డెమాన్‌లో దళితులు కుట్టినవి. ఇవాళ గుడి మహబూబ్‌నగర్ జిల్లాలో, నగలు దాచే బ్యాంకు వనపర్తి జిల్లాలో ఉన్నాయి. దేవుడికి ఆ గీత పట్టలేదు.

మనుషులకు పట్టింది. తాలూకా కేంద్రంగా ఉన్న ఆత్మకూర్ 1985లో మండల కేంద్రమైంది. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అమరచింత వేరే మండలంగా విడిపోయింది. అమరచింత పేరుతో ఉన్న శాసనసభ నియోజకవర్గం అప్పటికే పునర్విభజనలో మాయమైంది. ఓటేమో మక్తల్‌కు, అది నారాయణపేట జిల్లా. కలెక్టరేమో వనపర్తిలో.

ఆ వనపర్తి వైపు పోయే దారికి ఊకచెట్టు వాగు అడ్డం. దాని పైన వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి పేర కట్టించిన సరళాసాగర్ ఉంది. 1949లో మొదలుపెట్టి 1959లో ప్రారంభించారు. గేట్లు ఎత్తే మనిషి అక్కర్లేదు. మట్టం దాటగానే సైఫన్లు వాటంతటవే నీళ్లు వదిలేస్తాయి, మట్టం దిగితే వాటంతటవే ఆగిపోతాయి. 2019 డిసెంబర్ ఆఖరున కట్ట తెగితే మళ్లీ కట్టారు. వానాకాలం సైఫన్లు తెరుచుకున్నాయంటే ఆ దారిలో మదనాపురం–ఆత్మకూర్ రాకపోకలు బంద్. కలెక్టరేటులో పనున్నవాళ్లు చుట్టూ తిరిగి పోవాల్సిందే.