బంకమట్టిలో విద్యుత్తు



చవుటినేలను నీటితో కడుగుట యెంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. మా తండ్రిగారు మూడేండ్లు కాలువనీరు పెట్టించిరి. బంకమట్టి ఆ నీటిని పైననే నిలిపినదే గాని లోనికి దిగనీయలేదు. అట్టి మట్టిలో ఉప్పునకు మారుగా విషమే చేరినచో దానిని వెడలించుటెట్లు?

ఇందులకు మూలమైన వింతను 1807లో మాస్కోలో రాయిస్ అను ఆచార్యుడు కనుగొనెను. తడిబంకమట్టిలో రెండు గాజుగొట్టములు గ్రుచ్చి, నీరు నింపి, విద్యుత్తు ప్రసరింపజేయగా, ఋణధ్రువము వైపునున్న గొట్టములో నీరు పైకెక్కెను. మట్టిరేణువులకు ఋణవిద్యుత్తుండును; వాని నంటియున్న నీటికి ధనవిద్యుత్తు కలుగును. కావుననే ఆ నీరు ఋణధ్రువమునకు జరుగును. ఒత్తిడికి లొంగని మట్టి దీనికి లొంగినది!

1936లో పంజాబునందు పురి, ఆనంద్ అను శాస్త్రజ్ఞులు ఈ విధముననే చవుటిమట్టినుండి క్షారమును లాగిచూచిరి. ఆ సంగతి చదివినపుడు నాకు మా పొలమే కన్నులకు కట్టినది.

అటుపిమ్మట 1995లో అమెరికాయందలి పడూకాలో పెద్ద పరీక్ష జరిగెను. అచ్చటి యురేనియము కర్మాగారపు ఆవరణలో, లోహముల జిడ్డు కడుగు ద్రావకము బంకమట్టిలోనికి ఇంకియుండెను. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల మడిలో ధ్రువములను దింపి, వాని నడుమ బొగ్గుపొరలు నిలిపి, నాలుగు నెలలు విద్యుత్తు నడిపిరి. నీరు బొగ్గు మీదుగా సాగుచు విషమును అందులో విడిచినది. నూటికి 98 పాళ్లు తొలగెను.

సీసము వంటి లోహములతో మాత్రము చిక్కు కలదు. ఋణధ్రువము చెంత క్షారము పుట్టుటచే అవి అచ్చటనే పేరుకొని కదలకుండును. వానిని కరగించుటకు ఆమ్లము పోయుచుండవలెను.