ప్రదర్శనశాలకు వెలుపలి కళ: బార్కస్

వేసవి సెలవులు వచ్చినంతనే హైదరాబాదు నగరమున పిల్లలను ప్రదర్శనశాలలకును పాత కట్టడములకును తోడ్కొని పోవుట యొక మంచి యాచారమైనది. సాలార్‌జంగు ప్రదర్శనశాలలో వేసవియందు పిల్లలకు చిత్రలేఖనము నేర్పుదురు. చార్మినారు పరిసరములలో జనులను నడిపించుచు చరిత్రము చెప్పువారును గలరు. ఇది హర్షింపదగిన విషయమే. అయినను, నగరము తన పిల్లలకు కళయని చూపించునది యేది, చూపింపక విడుచునది యేది యను ప్రశ్న విచారింపదగియున్నది. చార్మినారునకు దక్షిణమున, చాంద్రాయణగుట్టకు దాపున నున్న బార్కస్ పేట చరిత్రము ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పును.

పూర్వము ఈ నగరమున కళావస్తువులు ప్రభువుల దేవిడీలలో నుండెడివి. సామాన్యుడు వానిని చూడగోరుటయు లేదు, చూపగోరినవారును లేరు. ఆ తలుపులు ఒక్కొక్కటిగా తెరచుకొన్నవి. 1914లో నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖను నెలకొల్పి గులాం యజ్దానీ గారిని దానికధిపతిగా నియమించెను. 1930లో పబ్లికు గార్డెన్సునందు హైదరాబాదు మ్యూజియము ప్రారంభింపబడెను. అజంతా గుహలు నాడు నిజాము రాజ్యములోనివి. అచ్చటి చిత్రముల ప్రతులు ఈ మ్యూజియమున చోటు చేసికొన్నవి. అజంతాకు పోలేని వాడును అజంతా యెట్టిదో తెలిసికొనుటకు వీలు కలిగినది.

రెండవ తలుపు 1938లో తెరచుకొన్నది. ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు, రాజ్యముయొక్క ఆర్థిక స్థితిని పరిశీలించుటకు ధనము సేకరింపనెంచి, ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో పబ్లికు గార్డెన్సునందే స్వదేశవస్తు ప్రదర్శనమును జరిపిరి. అది పది దినములు జరిగినది. అంగళ్లు సుమారు 100. నేడు జనులు నుమాయిషని పిలుచు మహాప్రదర్శనమున కిదియే మొదలు. 1946లో నాంపల్లి మైదానమునకు మారి, నేడు జనవరి 1వ తేదీన మొదలగుచున్నను, పుట్టినది మాత్రము ఎండకాలముననే. నేతగాని పనియు, కంసాలి పనియు కొనుటకే కాక చూచి మెచ్చుటకు కూడ తగినవని నగరము నేర్చుకొన్నది.

మూడవ తలుపు సాలార్‌జంగు దేవిడీది. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు తమ జీవితమును, ధనమును కళావస్తుసేకరణకు వెచ్చించి 1949లో గతించిరి. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ గారు ఆ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1968లో అది మూసీయొడ్డున నున్న ప్రస్తుత భవనమునకు మారినది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహమును, గంట గంటకును జనులు గుమిగూడి చూచు గడియారమును అచ్చటివే.

ఆ రెబెక్కాను 1876లో సంపాదించినవాడు మొదటి సాలార్‌జంగు. 1853 మొదలు 1883 వరకు దివానుగిరి నిర్వహించిన ఆ మంత్రియే అరబ్బు సైనికుల ప్రాబల్యమును అదుపులో పెట్టినవాడు. వారి జమాదారులు నాడు సైన్యాధిపతులు మాత్రమే కారు. ప్రభువులకు సైతము అప్పులిచ్చి భూములను కుదువ పట్టినవారు. వీరు దక్షిణ అరేబియాలోని హడ్రమౌత్ సీమవారు. హైదరాబాదు కొలువులో గడించిన ధనముతో ఉమర్ బిన్ అవద్ అను జమాదారు స్వదేశమున ఖుఐతీ వంశమునకు మూలపురుషుడయ్యెను; ఆ వంశపు రాజ్యము 1967 వరకు నిలిచినది. ఆ సైనికుల నివాసములే బార్కస్. బారకులను ఆంగ్లపదమే జనుల నోట బార్కసైనది.

1948లో నిజాము రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట ఈ కుటుంబముల సైనికవృత్తి యంతరించెను. కొందరు హడ్రమౌత్‌కు మరలిరి; పెక్కుమంది ఇచ్చటనే నిలిచిరి. 1970 తరువాతి కాలమున వారి సంతతిలో ననేకులు గల్ఫు దేశములకు కూలికిని కొలువునకును పోయిరి. కత్తి పోయినది, జీతము పోయినది. మర్ఫా మాత్రము పోలేదు.

మర్ఫా యనునది హడ్రమౌత్ అరబ్బులును, నిజాము సైన్యమున పనిచేసిన ఆఫ్రికాసంతతి సిద్దీలును ఈ నగరమునకు తెచ్చిన వాద్యగోష్ఠి. డప్పును పోలిన దఫ్ఫు, మర్ఫా యను భేరి, లోహపు బిందె, కొయ్య కర్రలు దానికి సాధనములు. లయ హెచ్చినకొలది కత్తులో కర్రలో పట్టి యాడుదురు. నేడు ఈ వాద్యము ముస్లిముల పెండ్లిండ్లలోనే కాదు, తెలుగువారి ఊరేగింపులలోను వినవచ్చుచున్నది. వరుడే కులమువాడని ఆ వాద్యము అడుగలేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళల వరుసలో మొదటిది గీతము, రెండవది వాద్యము, మూడవది నృత్యము, చిత్రలేఖనము నాల్గవది. మనము పిల్లలకు నాల్గవదానిని శ్రద్ధతో చూపి, వీధిలో మ్రోగుచున్న మొదటి మూటిని సందడియని త్రోసివేయుచున్నాము.

ఇది పరదేశీయుల కళ గదా యని కొందరందురు. రెబెక్కాను చెక్కినవాడు ఇటలీవాడు. ప్రదర్శనశాలలోని తివాచీలను నేసినవారు పారశీకులు. వానిని మనవని చెప్పుకొనుటకు మన మొక్కనాడును సందేహింపలేదు. ధనమిచ్చి తెచ్చిన వస్తువు మనదైనపుడు, తరతరములుగా మనతో బ్రతికిన మనుష్యులు తెచ్చిన కళ మనది కాకపోవుట యెట్లు? ప్రదర్శనశాల ఆయుధవిభాగమున కత్తి గాజుపెట్టెలో పరుండియుండును. మర్ఫా గోష్ఠిలో అదే కత్తి లయను చూపును. రెంటిని చూచిన పిల్లవానికి గదా చరిత్రము తెలియును.

జీవించియున్న కళకు ప్రదర్శనమెందులకని మరికొందరు ప్రశ్నింపవచ్చును. ఇందు సత్యము లేకపోలేదు. బిందెను తెచ్చి పెట్టెలో నుంచినంత మాత్రమున మర్ఫా నిలువదు. అయితే విరామమెరుగక ధ్వనియంత్రములు మ్రోగు ఈ కాలమున, వాయించు వృద్ధుల చేతివాటము నేర్చుకొను పిల్లలు లేకున్న నది వారితోనే పోవును. గాజుపెట్టె కాపాడలేని దానిని గురుశిష్యులే కాపాడవలెను.

కావున వేసవి విహారము ఒకవైపు నుండియే సాగరాదు. బార్కస్ పాఠశాలల పిల్లలను సాలార్‌జంగునకు తీసికొని పోవుదురు గాక. తక్కిన నగరపు పిల్లలను కూడ బార్కస్‌కు తీసికొని పోవలెను. నేడు జనులు అచ్చటికి పోవుట మంది భోజనమునకును, జామపండ్లకును మాత్రమే. భోజనమును తప్పుపట్టనక్కర లేదు; కాని అతిథి గృహస్థుని పేరైన నడుగక విస్తరి ముందు కూర్చుండుట మర్యాద కాదు. ఆ పేటలోని పెద్దలచే ఒక్కొక్క వాద్యము పేరును, దాని పోకడయు చెప్పింపవలెను. పిల్లలచేత దానిని ముట్టింపవలెను, వాయింపింపవలెను. వారి లయను నమోదు చేసి భద్రపరచుటకు ప్రదర్శనశాలలు పూనుకొనవలెను.

తొమ్మిది దశాబ్దములలో ఈ నగరము మూడు తలుపులు తెరచినది. అవి మూడును ప్రభువుల సొత్తునో, పనివాండ్ర సరకునో ప్రజలకు చూపినవి. పొరుగువానిని పొరుగువానికి చూపు తలుపింకను తెరువవలసియున్నది. దానికి భవనమక్కరలేదు, వేలకొలది రూపాయలును అక్కరలేదు. వేసవి సెలవులలో ఒక్క ఉదయము చాలును.