తాడు పొడుగు, పడవ వేగం: ఓ చిన్న చరిత్ర

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనం వేసవొస్తే చాలు, సరస్సుల మీద పడతారు. మోటారు పడవ వెనక తాడు పట్టుకుని, పలక మీద నిలబడి జారే వేక్‌బోర్డింగ్ పిచ్చి ఈమధ్య మా స్నేహబృందానికీ పట్టింది. కొత్తవాళ్ళకి సాధారణంగా చెప్పే లెక్క ఇది: తాడు 30 నుంచి 50 అడుగులు, పడవ వేగం గంటకి 25 నుంచి 30 కిలోమీటర్లు. మావాళ్ళకి మాత్రం తాడు ఎంత పొడుగైతే అంత భద్రమని గట్టి నమ్మకం. అది ఎందుకు తప్పో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

నిజానికి తాడుతో లాగడం మనకి కొత్తేం కాదు. గోదావరి కాలువల్లో గాలి లేనప్పుడు మనుషులే గట్టు వెంట నడుస్తూ పడవల్ని లాగేవారు. అక్కడ పొడుగు తాడే మేలు. పొట్టిదైతే పడవ ముక్కు గట్టువైపు తిరిగిపోతుంది. పైగా నడక వేగానికి అల ఎంతని లేస్తుంది?

పడవే మనిషిని లాగే ఆటకి 1922ని ఆరంభంగా చెప్తారు. మిన్నెసోటాలోని పెపిన్ సరస్సులో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు పీపా చెక్కలు కట్టుకుని మునిగాడు, మంచు స్కీలు కట్టుకునీ మునిగాడు. చివరికి సొంతంగా చేసుకున్న పెద్ద చెక్కల కొసలు నీటిపైకి ఉంచి, వెనక్కి వాలితే, జులై 2న లేచి నిలబడగలిగాడు. మర్నాడు అతనికి 19 ఏళ్ళు నిండాయి.

తర్వాత వచ్చిన వాటర్ స్కీయింగ్ పోటీల్లో తాడు 75 అడుగులు, వేగం 58 కిలోమీటర్ల దాకా. వాళ్ళకి పడవ వెనక లేచే అల ఓ బెడద. అది లేవకుండా పడవలు తయారుచేయించుకున్నారు.

1985లో శాన్‌డియేగోకి చెందిన టోనీ ఫిన్ స్కర్ఫర్ అనే పలక తెచ్చాడు. 1990లో హెర్బ్ ఓబ్రయన్ హైపర్‌లైట్ అనే పలక తెచ్చాడు. తేలీ తేలకుండా ఉండే ఆ పలకతో నీళ్ళలోంచి లేవడం సులువైంది. ఇక అలే ముద్దొచ్చింది! పడవలో నీళ్ళ సంచులు నింపి మరీ అలని పెంచడం మొదలెట్టారు. మన భాషలో చెప్పాలంటే, బగ్‌ని ఫీచర్ చేసేశారు.

తాడు సంగతి ఇక్కడే తేలుతుంది. బాతు ఈదుతుంటే వెనక రెండు గీతలు విడిపోతూ పోతాయి చూడండి, పడవ వెనకా అంతే. బాతుకైనా ఓడకైనా ఆ కోణం ఒకటేనని లార్డ్ కెల్విన్ 1887లో లెక్కకట్టాడు (మరీ వేగంగా పోతే సన్నబడుతుందని 2013లో తేలిందనుకోండి). పడవకి 75 అడుగుల వెనక రెండు అలల మధ్య దూరం, 40 అడుగుల దగ్గరున్న దానికి దాదాపు రెట్టింపు. పైగా నెమ్మదిగా పోయే పడవ అల అంత దూరం వెళ్ళేసరికి విరిగి నురగైపోతుంది. అందుకే కొత్తవాడికి పొట్టి తాడు: అల ఇంకా నున్నగా ఉంటుంది, దాటాల్సిన దూరమూ తక్కువ. తక్కువ వేగం ఎందుకంటారా, పడినప్పుడు మెడకి తెలుస్తుంది. అన్నట్టు, సాగే తాడు అస్సలు వద్దు. చెయ్యి జారితే పడవలోవాళ్ళ మొహానికే తగులుతుంది.

మా దేవరాపల్లి దగ్గర శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. అక్కడా ఇలాంటివి పెడితే బావుణ్ణని ఊరెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు. విశాఖకి తాగునీరు వెళ్ళేది దాన్నించి కూడా. అందులో పెట్రోలు పడవలు తిప్పడం నాకు ససేమిరా ఇష్టం లేదు. 1960ల్లోనే జర్మనీలో బ్రూనో రిక్సెన్ పడవ లేకుండా, స్తంభాల మధ్య కరెంటుతో తిరిగే తీగతో మనుషుల్ని లాగే పద్ధతి తెచ్చాడు. పడవా లేదు, అలా లేదు, వేగం ఒక్కటి చూసుకుంటే చాలు. ఎప్పుడైనా పెడితే గిడితే నా ఓటు దానికే.